మందు మానాలనుకునేవారి సందేహాలు: విశాఖలో ఏఏ మీటింగులకు వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మీటింగ్ ముగిశాక గుమ్మం దగ్గర నిలబడి అడిగేవి, రాత్రిపూట ఫోన్‌లో గొంతు తగ్గించి అడిగేవి, భర్తకు తెలియకుండా భార్యలు అడిగేవి చూస్తే, మళ్లీ మళ్లీ అవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఇవి ఒక సభ్యుడి మాటలు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే సంస్థ. దాని తరఫున మాట్లాడే అధికారం నాకు లేదు. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన దాని దగ్గరకు నేరుగా వెళ్లండి.

## రావాలా, వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నేను రోజూ తాగను. ఉద్యోగం కూడా పోలేదు. నాకు ఇదంతా అవసరమా?

డాక్టర్లు సాధారణంగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా? ఎవరైనా మీ తాగుడు సంగతి ఎత్తితే చిరాకు వచ్చిందా? తాగినందుకు లోలోపల తప్పు చేసినట్టు బాధపడ్డారా? పొద్దున లేవగానే వణుకు తగ్గడానికో, నరాలు కుదుటపడడానికో ఒక గుక్క వేశారా? వీటిలో రెండింటికి అవునని జవాబు వస్తే వైద్యుడితో మాట్లాడాల్సిన వేళ వచ్చింది. చివరి దానికి అవునంటే అసలు ఆలస్యం చేయకండి.

వారానికి ఒకసారే తాగినా, ఆ ఒక్కసారి ఎక్కడ ఆగుతుందో మీ చేతిలో లేకపోతే అదీ సమస్యే. ఉద్యోగం పోయి, ఇల్లు గడవక, పిల్లలు ముఖం తిప్పుకునేదాకా ఎదురుచూడాలన్న నియమం ఎక్కడా లేదు. ఏఏలో చేరడానికి కావలసిందల్లా మానాలన్న కోరిక. అది మీకు ఉందో లేదో చెప్పాల్సింది మీరే.

మనసు గట్టిగా చేసుకుంటే నేనే మానలేనా? పదిమందిలో చెప్పుకోవడం ఎందుకు?

సొంతంగా మానగలిగేవారు ఉన్నారు. మీరు అలా మానగలిగితే అంతకన్నా ఏం కావాలి! అయితే మా గదిలో అయ్యప్ప మాల వేసుకొని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు చాలామంది ఉన్నారు. చన్నీటి స్నానాలు, నేలమీద పడక, ఒంటిపూట భోజనం అన్నీ నిష్ఠగా చేశారు. మాల తీసిన వారంలోనే మళ్లీ షాపు ముందు నిలబడ్డారు. వాళ్లకు మనోబలం లేదని ఎలా అంటాం? మండలం రోజులు కఠినంగా ఉండగలిగిన మనిషి కూడా, మొదటి గుక్క లోపలికి వెళ్లాక ఆగలేకపోతున్నాడు. జబ్బు ఉన్నది అక్కడే. అదే జబ్బు పడి లేచిన మనిషి పక్కన కూర్చుంటే, ఒంటరిగా ఎన్నిసార్లు ప్రయత్నించినా నిలబడని నిర్ణయం నిలబడుతుంది. ఈ కార్యక్రమం మొత్తం దీనిమీదే నడుస్తోంది.

ఈ ఏఏ ఎక్కడ పుట్టింది? ఎవరు నడుపుతారు?

అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో, 1935లో. న్యూయార్క్ నుంచి వ్యాపారం పనిమీద వచ్చిన బిల్ డబ్ల్యు. అక్కడ పని చెడిపోయి, హోటల్లో బారు పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. ఆ రోజు తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని అనిపించి, వరసగా ఫోన్లు చేశాడు. అలా డాక్టర్ బాబ్ అనే సర్జన్ దొరికాడు. పావుగంట కన్నా కూర్చోనని ముందే చెప్పి వచ్చిన ఆ డాక్టరు రాత్రి పదకొండు దాటేదాకా లేవలేదు. ఎదుటి మనిషి నీతులు చెప్పకుండా తన కథే చెప్పుకోవడం అతన్ని కూర్చోబెట్టింది. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు. 1939లో వెలువడిన పుస్తకం పేరే సంస్థకు స్థిరపడింది. భారతదేశంలో మొదటి అడుగు 1957లో ఢిల్లీలో పడింది.

యజమాని అంటూ ఎవరూ లేరు. ప్రతి గ్రూపునూ దాని సభ్యులే నడుపుకుంటారు. కుర్చీలు వేసేదీ, టీ కాచేదీ, గది అద్దె కట్టేదీ వాళ్లే.

ఎంత డబ్బు కట్టాలి?

ఏమీ కట్టక్కర్లేదు. మీటింగ్ చివర ఒక సంచి తిరుగుతుంది. ఇష్టమైనవారు తోచింది వేస్తారు. కొత్తగా వచ్చినవారు వేయనవసరం లేదు. బయటివారి నుంచి విరాళాలు తీసుకోరు.

ఇది చర్చివాళ్లదట కదా? నాకు దేవుడి మీద నమ్మకం లేకపోతే?

తొలినాళ్లలో ఒక క్రైస్తవ బృందం ప్రభావం ఉన్నమాట నిజం. తర్వాత ఏఏ దాని నుంచి విడిపోయింది. చాలా ఊళ్లలో చర్చి హాలు తక్కువ అద్దెకు దొరుకుతుంది కాబట్టి మీటింగులు అక్కడ జరుగుతాయి. మతం మార్చే ప్రసక్తే లేదు.

ఏఏలో కోలుకోవడానికి ఒకదాని తర్వాత ఒకటిగా పాటించే పన్నెండు సూత్రాలను పన్నెండు మెట్లు అంటాం. వాటిలో దేవుడు అన్న మాట ఉంది. పక్కనే ‘మనం అర్థం చేసుకున్న విధంగా’ అనీ ఉంది. మా గదిలో ఒకరికి ఆ శక్తి సింహాద్రి అప్పన్న, ఇంకొకరికి యేసు, మరొకరికి అల్లా. నాస్తికుడైన ఒక పెద్దాయన ‘ఇక్కడ కూర్చున్న మీరందరూ కలిస్తే నా ఒక్కడికన్నా పెద్దవాళ్లు, నాకు అది చాలు’ అంటారు. ఆయనను ఎవరూ ఎప్పుడూ సరిదిద్దలేదు.

ఇది నిజంగా పనిచేస్తుందా, లేక మాటలేనా?

వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, అందులోని 10,565 మందిని కలిపి సమీక్షించింది. పూర్తిగా మానేసి ఉండడం విషయంలో, పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స మిగతా గుర్తింపు పొందిన చికిత్సల కన్నా మెరుగని తేల్చింది. అందరికీ పనిచేస్తుందని ఎవరూ చెప్పలేరు. ఒక్కసారి వచ్చి చూసి తీర్పు చెప్పకుండా, కొన్ని వారాలు వరసగా వచ్చి మీరే చూడండి.

రేపటి నుంచి ఒక్క చుక్క ముట్టకూడదనుకుంటున్నాను. ఒక్కసారిగా ఆపేయవచ్చా?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివితే ఇదే చదవండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు రావచ్చు. శరీరం మందుకు అలవాటుపడి ఉంటుంది. అది హఠాత్తుగా అందకపోతే మెదడు అదుపు తప్పుతుంది. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. చికిత్స అందకపోతే చనిపోయే ప్రమాదం ఉంది.

ఇళ్లలో దీన్ని చూసి గాలి సోకిందనుకుంటారు. భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్తారు, తాయెత్తు కట్టిస్తారు. ఆ ఒక్క రాత్రి ఆలస్యమే ప్రాణం తీస్తుంది. దయచేసి అలా చేయకండి. మాట తడబడి, మనిషి ఎక్కడున్నాడో తెలియని స్థితిలో ఉంటే, లేదా ఫిట్స్ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అక్కడ ‘ఇన్నాళ్లుగా రోజూ ఇంత తాగేవాడు, ఫలానా రోజు ఆపాడు’ అని స్పష్టంగా చెప్పండి. పరువు పోతుందని దాచితే డాక్టరు ఇంకేదో జబ్బని వెతుకుతూ ఉండిపోతారు.

ప్రమాదం ముదరకముందే వెళ్లగలిగితే వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కొన్ని రోజులు తగ్గిస్తూ ఇచ్చే మాత్రలు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లతో ఈ దశ చాలావరకు క్షేమంగా దాటుతుంది. ఆ తర్వాత మీటింగ్ మీకోసం ఉంటుంది. తాగుడు ఆపడం డాక్టరు సాయంతో, ఆపింది నిలబెట్టుకోవడం తోటివారి సాయంతో. ఈ రెంటికీ పోటీ లేదు.

## మొదటి మీటింగ్

విశాఖలో మీటింగ్ ఎక్కడ ఉందో ఎలా తెలుస్తుంది?

చోట్లు, వేళలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊరివారీగా వివరాలు ఉంటాయి. వెళ్లేముందు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. వ్యసన విముక్తికి ప్రభుత్వం నడిపే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగా కుంగిపోయి ఉంటే 14416 టెలిమానస్‌కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంటి పక్క మీటింగుకు వెళ్తే తెలిసినవారు చూస్తారని భయమైతే గాజువాకవారు నగరంలోకి, మద్దిలపాలెంవారు గాజువాకకు వెళ్లినా అడిగేవారు లేరు. చాలామంది అలాగే మొదలుపెట్టారు.

లోపల ఏం జరుగుతుంది? నేను మాట్లాడి తీరాలా?

ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, దానిమీద నీలం అట్ట పుస్తకం. గోడకు వేలాడదీసిన గుడ్డ మీద పన్నెండు మెట్లు. ఒకరు అధ్యక్షత వహించి చిన్న ప్రార్థనతో మొదలుపెడతారు. తర్వాత ఒక్కొక్కరు ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని చెప్పి, మందు తమను ఏం చేసిందో, ఇప్పుడు ఎలా ఉన్నారో చెబుతారు. దీన్ని షేరింగ్ అంటాం. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు. గంట, గంటన్నరలో ముగుస్తుంది.

మీరు మాట్లాడనవసరం లేదు. ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. మా గదిలో కొత్తవారికి టీ సగం గ్లాసే పోస్తాం. నిండుగా పోస్తే వణికే చేతిలోంచి ఒలికి, ఆ సిగ్గుతో మనిషి మళ్లీ రాకుండా పోతాడు. మీకు సగం గ్లాసు అందితే పిసినారితనం అనుకోకండి. ఇంకో సగం అడగండి.

నేను వచ్చినట్టు ఆఫీసులో తెలిస్తే?

సంస్థ పేరులోనే అజ్ఞాతం ఉంది. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, హాజరు పట్టీ ఉండదు, ఫొటోలు తీయరు. ఇక్కడ ఎవరిని చూశారో, ఏం విన్నారో ఇక్కడే వదిలి వెళ్లాలన్నది అందరూ పాటించే కట్టుబాటు. మీ పై అధికారే ఎదురుగా కనిపించినా కంగారుపడకండి. ఆయన వచ్చిందీ అదే పనిమీద.

తాగి ఉన్నప్పుడు రావచ్చా?

రావచ్చు. వెనుక కుర్చీలో కూర్చొని వినండి. గొడవ చేయకపోతే చాలు, ఎవరూ బయటకు పంపరు. బండి మాత్రం నడపకండి.

ఆడవాళ్లు వస్తారా?

వస్తారు, రావాలి. మగవాడు తాగితే ఊరు జాలిపడుతుంది. ఆడది తాగితే అదే ఊరు వెలివేస్తుంది. అందుకే చాలామంది వంటింట్లో తలుపు వేసుకొని తాగుతూ, లివరు దెబ్బతిన్నాక గాని బయటపడరు. గదిలో అందరూ మగవాళ్లే ఉంటే ఇబ్బంది అనిపించడం సహజం. ముందుగా ఫోన్ చేసి మహిళా సభ్యురాలితో మాట్లాడించమని అడగండి. మహిళలకు మాత్రమే జరిగే ఆన్‌లైన్ మీటింగులు కూడా ఉన్నాయి. ముఖం చూపించకుండా వినవచ్చు.

## మొదటి మూడు నెలలు

సాయంత్రం ఆరు అయ్యేసరికి ప్రాణం లాగేస్తోంది. ఏం చేయాలి?

జీవితాంతం మానాలని ఆలోచించకండి. ఈ రోజు పడుకునేదాకా చాలు. అదీ కష్టమైతే వచ్చే గంట చాలు. ఆ కోరిక అలలా లేచి, కాసేపట్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ కాసేపు గడవాలి.

ముందుగా కడుపునిండా తినండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటినీ మేము కాపలా కాస్తాం. వీటిలో ఏదో ఒకటి పట్టుకున్నప్పుడే మందు గుర్తుకొస్తుంది. తర్వాత ఫోన్ తీసి ఇంకో సభ్యుడికి చేయండి. తాగాక చేసే ఫోన్ కన్నా తాగకముందు చేసే ఫోన్ విలువైనది. ఇంటికి వెళ్లే దారిలో షాపు ఉంటే దారి మార్చండి. కంచరపాలెం మీదుగా కాకపోతే మర్రిపాలెం మీదుగా వెళ్లండి, నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా సరే. జేబులో అవసరానికి మించి డబ్బు ఉంచుకోకండి. ఆ వేళకు బీచ్ రోడ్డులో నడక మంచిదే, పాత స్నేహితులు కూర్చునే చోటు తప్పించి.

స్పాన్సర్ అంటే ఎవరు? ఎలా దొరుకుతారు?

మీకన్నా ముందు మానేసి, మెట్లు దాటి, మీకు దారి చూపే సభ్యుడు. జీతం ఉండదు, గురువూ కాదు. మీటింగుల్లో ఎవరి మాట మీ మనసుకు తగిలిందో వారి దగ్గరకు వెళ్లి ‘నాకు స్పాన్సర్‌గా ఉంటారా?’ అని అడగండి. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు ఉండడం ఆనవాయితీ. అప్పు అడిగేవారిని, రాజకీయం మాట్లాడేవారిని, మీ డాక్టరు మాత్రలు ఆపేయమనేవారిని ఎంచుకోకండి.

నాది షిఫ్టు డ్యూటీ. రోజూ మీటింగుకు ఎలా వస్తాను?

తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అన్నది సలహా మాత్రమే, షరతు కాదు. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు వాళ్లు షిఫ్టుకు తగ్గట్టు ఆన్‌లైన్ మీటింగులు కలుపుకుంటారు. ఎక్కువ జాగ్రత్త కావలసింది నైట్ షిఫ్టు వాళ్లకు. పొద్దున డ్యూటీ దిగాక ‘నిద్ర కోసం’ వేసే పెగ్గే చాలామందిని ముంచింది. డ్యూటీ దిగగానే టిఫిన్ తిని, ఒక ఫోన్ చేసి పడుకోండి.

వేట మీద బతికేవారికి ఇంకో గండం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు హార్బర్‌లో కట్టేసి ఉంటాయి, చేతిలో పని ఉండదు, పొద్దుపోదు. ఆ రెండు నెలలకు మీటింగుల పట్టిక ముందే రాసుకోండి.

పెళ్లిలో బావమరుదులు గ్లాసు చేతిలో పెట్టి బలవంతం చేస్తారు. ఏం చెప్పాలి?

మొదటి మూడు నెలలు వెళ్లకుండా ఉండగలిగితే అదే మేలు. తప్పనిసరైతే ముహూర్తానికి వెళ్లి, అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చేయండి. రాత్రి మేడమీద కూర్చునే కార్యక్రమానికి ఉండకండి. ‘డాక్టరు వద్దన్నారు బావా’ అన్న మాట చాలా చోట్ల పనిచేస్తుంది. చేతిలో సోడా గ్లాసు ఉంటే ఇంకో గ్లాసు పెట్టేవారు తక్కువ. ‘ఒక్కటే కదా’ అంటే వాదించకండి, లేచి రండి. అలిగిన బావను రేపు బతిమాలుకోవచ్చు.

నిద్ర పట్టడం లేదు. మాత్ర వేసుకోవచ్చా?

మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోకండి, కొన్నిటికి మందులాగే అలవాటు పడతారు. డాక్టరును అడగండి. కొన్ని వారాల్లో నిద్ర క్రమంగా దారిలో పడుతుంది.

మందు మాన్పించే మాత్రలు కూరలో కలిపి పెడితే మానేస్తాడట. నిజమేనా?

ఇది చాలా ప్రమాదం. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర వాడుతూ మద్యం తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, రక్తపోటు పడిపోతుంది. ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. మనిషికి తెలియకుండా, అతని ఒప్పుదల లేకుండా ఇవ్వకూడదన్నది వైద్య నియమం. మాత్ర ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. డాక్టరు రాసి, మనిషి తెలిసి వేసుకుంటే అది వేరు. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివీ ఉన్నాయి. వాటిని వాడుతూ మీటింగుకు రావడానికి ఏ అభ్యంతరమూ లేదు.

## జారిపడితే

ఆరు నెలలు మానేసి నిన్న మళ్లీ తాగాను. ఇక ఏ ముఖంతో రావాలి?

ఇదే ముఖంతో, ఈ రోజే రండి. దీన్ని మేము స్లిప్ అంటాం. మిమ్మల్ని చూసి ఎవరూ మొహం చిట్లించరు. ఆ గదిలో ఈ అనుభవం లేనివారు తక్కువ. రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, నిజమే. ఆ ఆరు నెలల్లో నేర్చుకున్నది మాత్రం పోదు. ఎక్కడ కాలు జారిందో స్పాన్సర్‌తో కూర్చొని వెనక్కి లెక్కవేయండి. సాధారణంగా గ్లాసు పట్టుకోవడానికి వారాల ముందే మీటింగులు తగ్గి ఉంటాయి, ఫోన్లు ఆగి ఉంటాయి. మళ్లీ కొన్ని రోజులు వరసగా తాగి ఉంటే, ఆపేముందు డాక్టరును కలవండి.

తప్పులు దిద్దుకోవాలట. నేను బాధపెట్టిన వాళ్లందరి దగ్గరకూ వెళ్లి కాళ్లు పట్టుకోవాలా?

ఎనిమిదో మెట్టులో జాబితా, తొమ్మిదో మెట్టులో దిద్దుబాటు. కాళ్లు పట్టుకోమని ఎక్కడా లేదు. వీలున్న చోటల్లా నేరుగా సరిదిద్దమంటుంది, అలా చేస్తే వారికో ఇంకొకరికో హాని కలిగే సందర్భం తప్ప. ఎగ్గొట్టిన అప్పు ఉంటే నెలకు ఇంత అని తీర్చడం, ఇంట్లో మాట ఇచ్చిన వేళకు రావడం, ఇవీ దిద్దుబాట్లే. మొదటి వారంలోనే దీనికి దిగకండి. వరసలో తొమ్మిదోదిగా పెట్టడానికి కారణం ఉంది.

## ఇంట్లోవారికి

మా ఆయన తనకు సమస్యే లేదంటున్నారు. నేను ఏం చేయగలను?

ఆయన రాకపోయినా మీరు రండి. తాగేవారి కుటుంబాల కోసం అల్ అనాన్ ఉంది. బిల్ డబ్ల్యు. భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టారు. అక్కడ మొదట నేర్చుకునేది మూడు మాటలు: ఆయన తాగుడుకు మీరు కారణం కాదు, దాన్ని మీరు అదుపు చేయలేరు, నయమూ చేయలేరు. చదివితే నిరాశగా ఉంటుంది. సీసాలు వెతికి పారబోస్తూ ఏళ్లు గడిపిన తల్లులు, భార్యలు ఈ మాట విని మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నామని చెప్పడం నేను విన్నాను.

‘జ్వరం వచ్చింది’ అని ఆయన ఆఫీసుకు మీరు ఫోన్ చేయడం ఆపండి. వైన్ షాపు అప్పు మీరు తీర్చకండి. తాగి ఉన్నప్పుడు వాదించకండి. మర్నాడు పొద్దున, మత్తు దిగాక, జరిగింది జరిగినట్టు నాలుగు మాటల్లో చెప్పండి. చేయి చేసుకుంటే మాత్రం అది భరించాల్సిన విషయం కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కో 112కో ఫోన్ చేయండి, పిల్లలతో సురక్షితమైన చోటికి వెళ్లండి.

బలవంతంగా డీఅడిక్షన్ సెంటర్‌లో వేయించవచ్చా?

మనిషి మతి తప్పి తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉంటే ఆసుపత్రిలో చేర్చడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఒక పద్ధతి ఉంది. అది డాక్టర్లు నిర్ణయించాలి. డబ్బు తీసుకొని అర్ధరాత్రి నలుగురిని పంపి ఎత్తుకుపోయే చోట్లకు మీవాళ్లను ఇవ్వకండి. చేర్చేముందు మూడు విషయాలు అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు అయిందా, డాక్టరు రోజూ వస్తారా, ఇంటివారిని కలవనిస్తారా. గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. కొట్టి మాన్పించిన మనిషి మాననే మానడు.

మా అబ్బాయిది మందు కాదు, గంజాయి. మీ దగ్గరకు తీసుకురావచ్చా?

మత్తు పదార్థాలకు నార్కోటిక్స్ అనానిమస్ వేరుగా ఉంది, 1953 నుంచి ఇదే పద్ధతిలో నడుస్తోంది. పోలీసు కేసు అవుతుందని దాచకండి. కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసుల్లో, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చేవారికి మత్తు పదార్థాల చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

ఇవన్నీ ఎందుకు, మద్య నిషేధం పెడితే పోదా?

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఎంత గొప్పదో మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఈ విషయంలో ఏఏకు సంస్థగా ఏ అభిప్రాయమూ లేదు. షాపు తెరిచి ఉన్నా మూసి ఉన్నా, ఈ రోజు తాగకుండా ఎలా ఉండాలన్నదే మా పని.

## నిలదొక్కుకున్నాక

ఏళ్లు గడిచాయి, కోరిక కూడా లేదు. ఇక మీటింగ్ మానేయవచ్చా?

ఎవరూ ఆపరు. కానీ మీరు మొదటిసారి వచ్చిన రోజు తలుపు తీసి కుర్చీ చూపించిన మనిషికి అప్పటికి ఎన్నేళ్లయిందో ఒకసారి గుర్తుచేసుకోండి. ఆయనా ఆగిపోయి ఉంటే ఆ రోజు తలుపు తీసేవారు ఉండేవారు కాదు.

ఆసుపత్రిలో ఉన్న ఒక కొత్త మనిషిని కలవమన్నారు. వెళ్లి ఏం మాట్లాడాలి?

పన్నెండో మెట్టు పని ఇదే. ఒంటరిగా వెళ్లకండి, ఇంకో సభ్యుణ్ణి తోడు తీసుకెళ్లండి. డాక్టరు అనుమతి అడిగి వెళ్లండి. అతను ఎంత తాగేవాడో అడగకండి, మీరు ఎంత తాగేవారో చెప్పండి. లివరు గురించి, పిల్లల భవిష్యత్తు గురించి ఉపన్యాసం వద్దు, ఇంట్లోవాళ్లు అప్పటికే చెప్పి ఉంటారు. అలసిపోయి కళ్లు మూసుకుంటే లేచి వచ్చేయండి. డబ్బు ఇవ్వకండి, అప్పు తీరుస్తామని మాట ఇవ్వకండి. వచ్చేముందు మీ ఫోన్ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. మొదటి రోజుల్లో చూపు సరిగా ఆనదు. డిశ్చార్జి ఏ రోజో కనుక్కొని, ఆ సాయంత్రమే మీటింగుకు మీ బండి మీద తీసుకురండి.